కొమురమ్మ ఫైలులో హార్పీ

1958 జూన్ మొదటి వారంలో నన్ను నల్లగొండలో ఒక జిల్లా కార్యాలయానికి అనువాదకుడిగా వేశారు. ఆ కార్యాలయం పేరు రాయను. పల్లెల్లోని చిన్న దవాఖానలూ, అక్కడ కాన్పులు చేసే మిడ్‌వైఫులూ దాని కింద ఉండేవారని చెబితే ఈ కథకు సరిపోతుంది. హోదాకు నేను గుమాస్తానే. నియామకం తాత్కాలికం. ఏడాది పని చూసి, సర్వీసు పుస్తకంలో మచ్చ లేకపోతే ఖాయం చేస్తారు.

మాది మోత్కూరు దగ్గర సాలెవాళ్ల ఇల్లు. బాపు మగ్గం నేసేవాడు. నేను ఉర్దూలో చదువుకున్నాను. ఇంగ్లీషు మెట్రిక్ తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నది. ఆ రోజుల్లో ఆ మూడు భాషలూ తెలిసిన మనిషికి కచేరీల్లో గిరాకీ ఉండేది. రెండేళ్ల కింది దాకా ఫైళ్లన్నీ ఉర్దూలో నడిచాయి. రాష్ట్రం మారాక ఇంగ్లీషు వచ్చింది. పైనుంచి వచ్చే అధికారులు ఇంగ్లీషులో రాసేవారు, మా సూపరింటెండెంటు ఉర్దూలో ఆలోచించేవాడు, పల్లెల్లో పనిచేసే సిబ్బంది తెలుగు తప్ప చదవలేరు. ఈ ముగ్గురి మధ్య కాగితం తిరగాలంటే అనువాదకుడి బల్ల మీదుగానే తిరగాలి.

పని పద్ధతి ఇది. కింది ఉద్యోగి గురించి అధికారి ప్రతికూలంగా ఏదైనా రాస్తే, ఆ మాటను ఆ ఉద్యోగికి తెలియజేయాలి, జవాబు తీసుకోవాలి. తెలియజేసే కాగితానికి తెలుగు ప్రతి జతచేస్తారు. ఆ తెలుగు ప్రతి కింద 'మూలానికి సరిపోయిన అనువాదం' అని రాసి అనువాదకుడు సంతకం పెడతాడు. ఆ సంతకం పడ్డాక మూలాన్ని మళ్లీ ఎవరూ తెరిచి చూడరు. చదవగలిగినవాళ్లు తక్కువ, తీరిక ఉన్నవాళ్లు ఇంకా తక్కువ.

నేను చేరిన మూడో వారంలో ఒక తనిఖీ నివేదిక వచ్చింది. దవాఖానలు చూసుకుంటూ తిరిగే ఒక పెద్ద డాక్టరు మర్రిగూడ దిక్కు ఒక ఊరికి మే నెలలో వెళ్లి రాసినది. మందుల బీరువా, కాన్పుల రిజిస్టరు, గది పైకప్పు, అన్నిటి గురించీ రాసి చివర అక్కడి మిడ్‌వైఫు కొమురమ్మ గురించి ఒకే వాక్యం రాశాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని మాటకు మాట దించితే: 'ఇక్కడి మిడ్‌వైఫు అచ్చమైన హార్పీ.'

హార్పీ అన్న మాట నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కచేరీలో ఉన్నది చేతిలో ఇమిడే చిన్న నిఘంటువు. అందులో రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి, గ్రీకు పురాణాల్లో ఆడమనిషి ముఖం, పక్షి ఒళ్లు ఉండి తిండి తన్నుకుపోయే ప్రాణి. రెండు, పరుల సొమ్ము దోచుకునే మనిషి. మొదటిది పురాణం కాబట్టి వదిలేశాను. రెండోది కచేరీకి పనికొచ్చే అర్థమనిపించింది. 'ఇక్కడి మిడ్‌వైఫు జనాన్ని దోచుకుతినే స్త్రీ' అని రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం మీద నేను ఖర్చు చేసిన సమయం పావుగంట ఉండదు. మంచి తెలుగు కుదిరిందని సంతోషించానని కూడా ఒప్పుకోవాలి.

ఆ తర్వాత జరిగింది నా బల్లకు అవతల జరిగింది. కొమురమ్మ మీద అంతకుముందే పేరులేని అర్జీ ఒకటి కచేరీలో పడి ఉంది. పిల్లలకు పంచడానికి వచ్చిన పాలపొడి డబ్బాలు ఆమె తన ఇంట్లో పెట్టుకుంటున్నదని దాని సారాంశం. పేరులేని అర్జీ మీద చర్య తీసుకోకూడదు కనుక అది పక్కన పడి ఉంది. ఇప్పుడు పెద్ద డాక్టరే 'దోచుకుతినే స్త్రీ' అన్నాడని నా తెలుగు ప్రతి చెబుతున్నది. సూపరింటెండెంటు రాఘవరావు గారు రెండిటినీ కలిపి కుట్టించారు. డబ్బాలు కాజేసిందనీ, జనాన్ని పీడిస్తున్నదనీ అభియోగ పత్రం తయారైంది. విచారణ తేలేదాకా ఆమెను పని నుంచి నిలిపివేస్తూ ఉత్తర్వు పోయింది.

జూలై నడుమ ఒక మధ్యాహ్నం ఆమే వచ్చింది. నలభై దాటిన మనిషి. పొడగరి, ఎండకు కమిలిన ముఖం. గొర్లు కాసే కురుమల ఇంట పుట్టిందట. చిన్నతనంలోనే భర్త పోతే, హైదరాబాదు ప్రసూతి దవాఖానలో కాన్పుల పని నేర్చుకుని ఈ కొలువులో చేరింది. ఇవన్నీ తర్వాత తెలిసినవి. ఆ రోజు ఆమె చేతిలో కాగితం పట్టుకుని ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి, సంతకం ఎవరిదని అడుగుతూ నా దగ్గరికి వచ్చింది.

"ఈ కాయితం కింద సంతకం మీదేనా సారు?"

నాదేనన్నాను.

"మరి నేను ఎవల్ని దోచుకతిన్ననో మీకు ఎరికుండాలె గద. జెప్పుండ్రి, నేను గూడ తెలుసుకుంట."

ఆమె గొంతు పెద్దది. మంద వెనక తిరిగిన గొంతు, అలవాటుగానే అలా పలికేది. కచేరీలో తలలన్నీ ఇటు తిరిగాయి. డాక్టరు గారు ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో పెట్టడం వరకే నా పని అని చెప్పాను. ఆమె ఈసారి మెల్లగా అడిగింది.

"ఇంగిలీసుల గిదే ఉన్నదా?"

ఉన్నది అనబోయాను. ఇంగ్లీషులో ఉన్నది ఒక పక్షి పేరు. దోచుకోవడమన్న మాట నేను పెట్టినది. మళ్లీ చూసి చెబుతానన్నాను. ఆమె బల్ల ముందే నిలబడి పాలపొడి సంగతి చెప్పింది. డబ్బాలు మొదట ఊరి పటేలు ఇంట్లో దించేవారు. దించినవి దించినట్టే మాయమయ్యేవి. దవాఖాన గది వానకు కారుతుంది. అందుకని తన ఇంట్లో పెట్టుకుని, రోజూ పొద్దున పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి తన చేత్తోనే కలిపి పిల్లలకు తాగించేది. నమ్మకం లేకపోతే ఊరికి వచ్చి అడగమని చెప్పి బస్సు వేళ అవుతున్నదని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే కరీం సాబ్ ఇంటికి వెళ్లాను. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాడు. జిల్లాలో అందరికంటే పెద్ద నిఘంటువు ఆయన దగ్గరే ఉందని చెప్పుకునేవారు. వాకిట్లో మంచం మీద కూర్చుని, రెండు చేతులతో ఆ పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుని వెతికాడు. ముందు కథ చెప్పాడు. ఒక గుడ్డి రాజు అన్నానికి కూర్చుంటే చాలు, ఆడమొఖం గద్దలు వచ్చి తన్నుకుపోయేవట, తన్నుకుపోగా మిగిలినదాన్ని పాడుచేసేవట. పాత పుస్తకాల్లో ఈ మాటను జనాన్ని పీక్కుతినే మనిషికే వాడారు. మగవాళ్లనూ అన్నారు. కాలం గడిచేకొద్దీ నోరు పెద్దదైన ఆడమనిషిని, మీదపడి అరిచే ఆడమనిషిని అనడం మొదలుపెట్టారు. ఈ కాలంలో తెల్లవాళ్లు కోపం వచ్చినప్పుడు ఎక్కువగా అనేది ఈ అర్థంలోనే. నా చిన్న నిఘంటువులో ఈ మూడో అర్థం లేదు.

అయితే తెలుగులో గయ్యాళి అనే కదా అని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. మనం ఒకణ్ని కుంభకర్ణుడు అంటే వాడు నిద్రపోతాడని చెప్పడమే గానీ, రావణుని తమ్ముడనీ, యుద్ధంలో చస్తాడనీ కాదు గదా అన్నాడు. అన్నవాడి మనసులో కథలోని ఏ ముక్క ఉన్నదో అదే అర్థం. "ఇది ఇద్దరికి వాడే మాట బేటా. గుంజుకునేదానికి, గయ్యాళికి. నీ డాక్టరు ఎవల్ని చూసిండో అది ఈ కితాబుల దొరకది," అని పుస్తకం మూశాడు.

మర్నాడు పొద్దున రాఘవరావు గారి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు, పద్ధతి మనిషి. కుర్చీ వెనక్కి జరిపి చాలాసేపు విన్నారు. ధ్రువీకరించిన అనువాదంలో తప్పుందని అనువాదకుడే రాసిస్తే ఆ కాగితం ఫైలులో కలుస్తుందనీ, నా సర్వీసు పుస్తకంలోనూ ఒక వరుస ఎక్కుతుందనీ, ఖాయం చేసే ఏడాదిలో అది మంచిది కాదనీ చెప్పారు. విచారణలో ఆమె తప్పు లేదని తేలితే దానంతటదే పోతుంది కదా అని కూడా అన్నారు. అంతవరకు ఊరుకోవచ్చన్నది ఆయన చెప్పకుండా చెప్పిన మాట.

ఊరుకోవాలని నాకు అనిపించలేదని రాస్తే అబద్ధం. ఇంట్లో అప్పటికే మగ్గం ఆగిపోయింది. బాపు కళ్లు సరిగా కనబడక పోగు అతకలేకపోతున్నాడు. నా కొలువు మీద ఐదుగురు ఉన్నారు. భోజనం వేళ దాకా వేరే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కటీ ముందుకు సాగలేదు. ఏ వాక్యం చూసినా ఇందులో ఉన్నది ఎంత, నేను కలిపేది ఎంత అన్న లెక్కే. మధ్యాహ్నం రాసిచ్చాను. హార్పీ అన్న మాటకు రెండు వాడుకలు ఉన్నాయనీ, మూలంలో దోపిడీ ప్రస్తావన లేదనీ, నేను ఒక వాడుకనే ఎంచుకుని నిశ్చయంగా రాయడం పొరపాటనీ మూడు వాక్యాలు.

రాఘవరావు గారు చదివి, దీనితో సగం పనే అయిందన్నారు. మాటకు రెండు అర్థాలు ఉన్నప్పుడు విచారణాధికారి తనకు తోచినది తీసుకుంటాడు. రాసినవాడే వచ్చి నా ఉద్దేశం ఇది అని రాసివ్వాలి. తపాలాలో అడిగితే నెల పడుతుంది. ఆ గురువారం డాక్టరు గారు దేవరకొండలో మకాం ఉంటారని తెలుసుకుని, వివరణ కోరుతూ లేఖ తయారు చేయించి, దాన్ని నా చేతికే ఇచ్చి పంపారు. పద్ధతి మనిషి పద్ధతిలోనే చేసిన మేలు అది.

డాక్టరు గారు మద్రాసులో చదివినవాడు. యాభై ఏళ్లుంటాయి. ముసాఫిరు బంగళా వరండాలో చేతులు కడుక్కుంటుండగా లేఖ ఇచ్చాను. చదివి, తువాలు భుజాన వేసుకుని, ఈ మాట మీద ఇంత నడిచిందా అన్నాడు. అతని ముఖంలో నాకు ముందు కనిపించింది చిరాకు. ఆ తర్వాత ఆ రోజు జరిగినది తనే చెప్పుకొచ్చాడు. పొద్దున తొమ్మిదికి వస్తానని కబురు పంపాడు. దారిలో జీపు చెడిపోయి రెండు దాటాక చేరాడు. పొద్దటి నుంచి చూపించుకోవడానికి గర్భిణులు పదిమంది దాకా ఎండలో కూర్చుని ఉన్నారు. ఊళ్లో తాగే నీళ్లు దూరం. దిగీ దిగగానే కొమురమ్మ అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. అతనికి ఆమె మాటలు సగమే అర్థమయ్యాయట. గొంతు మాత్రం పూర్తిగా అర్థమైందట. తిరుగుదారిలో జీపులోనే నివేదిక రాశాడు. వైద్యం చదివే రోజుల్లో, తమను గట్టిగా మందలించే నర్సులను వాళ్లు హాస్టల్లో ఆ మాటతోనే చెప్పుకునేవారట.

"నేను రాసింది ఆమె నోరు గురించి," అన్నాడు. "దొంగ అని నేనెప్పుడన్నాను? ఆ రిజిస్టరు చూశారా మీరు? ఈ తాలూకాలో అంత శుద్ధమైన రిజిస్టరు ఇంకోటి లేదు."

ఆ మాటే కాగితం మీద పెట్టమని అడిగాను. తనిఖీ నివేదికలో తిట్టు రాశానని తన చేత్తోనే ఒప్పుకోవడం అంత పై హోదాలో ఉన్నవాడికి తేలిక కాదు. నేను నిలబడే ఉన్నాను. చివరికి నౌకరుచేత కలం తెప్పించుకుని రాశాడు. ఆ మాట ఆమె మాట్లాడిన తీరుకు సంబంధించినదనీ, ఆమె నిజాయితీ మీద తనకు ఏ అనుమానమూ లేదనీ. ఆమె ఆ రోజు అడిగింది న్యాయమేనని నోటితో అన్నాడు. కాగితం మీద రాయలేదు. రాయమని అడిగే హోదా నాది కాదనుకుని నేనూ అడగలేదు.

విచారణాధికారి ఆగస్టులో ఆ ఊరికి వెళ్లాడు. తల్లులు పిల్లలను చంకనేసుకుని వచ్చి పాలపొడి సంగతి చెప్పారు. మరగబెట్టే గిన్నె కూడా తెచ్చి చూపించారట. సెప్టెంబరు మొదట్లో అభియోగం కొట్టివేశారు. పని నుంచి నిలిపి అప్పటికి పది వారాలు. తిరిగి తీసుకుంటూ ఇచ్చిన ఉత్తర్వులోనే ఆమెను మహబూబ్‌నగర్ జిల్లా కోస్గి దిక్కు బదిలీ చేశారు. పరిపాలనా కారణాలు అని రాశారు. పటేలుతో పడని మనిషిని మళ్లీ అదే ఊళ్లో పెట్టడం కచేరీకి ఇష్టం లేదు. ఆ ఉత్తర్వుకు కూడా తెలుగు ప్రతి నేనే రాశాను. 'పరిపాలనా కారణాలు' అన్న ఆ రెండు మాటలకు అర్థం నిఘంటువులో వెతకాల్సిన పని పడలేదు.

ఉత్తర్వు తీసుకోవడానికి కొమురమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి బల్ల ఎదురుగా ఉన్న ముక్కాలి పీట మీద కూర్చుంది. తప్పు నాదని చెప్పాను. ఆమె తల ఊపి, ఆ ఇంగ్లీషు పిట్ట సంగతేందో చెప్పమన్నది. కరీం సాబ్ చెప్పిన గుడ్డి రాజు కథ చెప్పాను. శ్రద్ధగా విన్నది. రాజు సంగతి తర్వాత ఏమైందని అడిగింది. ఎవరో వీరులు వచ్చి గద్దలను తరిమారని చెప్పాను.

"పోరగాండ్ల నోటికాడి పాలు గద్దలు తన్నుకపోతాంటె, అదిలిచ్చిన దాన్ని నేను. నన్నే గద్దను జేసిండ్రా," అన్నది. కోపంగా అనలేదు. ఎక్కడో ఏదో తారుమారైందని తేల్చుకున్నట్టు అన్నది. తర్వాత, అరిచిన మాట నిజమేననీ, ఆ ఒక్కటీ కొట్టెయ్యకుండా ఉంచుకొమ్మనీ చెప్పింది.

పాత ఊరికే వేయమని అర్జీ పెట్టుకుంటే నేను ఇంగ్లీషులో రాసిస్తానన్నాను. వద్దన్నది. కోస్గిలోనూ ఆడోళ్లు కంటారు కదా అన్నది. లేచి కాగితం కొంగుకు ముడేసుకుంటూ, ఆ పది వారాల్లో ఊళ్లో ఏం జరిగిందో అప్పుడు చెప్పింది. చాకలివాళ్ల కోడలు నర్సమ్మకు తొలి కాన్పు కష్టమైందట. కొమురమ్మ ఊళ్లోనే ఉంది. నిలిపివేసిన మనిషి చెయ్యి పెడితే ఇంకో కేసవుతుందని పటేలు మనుషులు ఆమెను ఆ ఇంటి గడప దాటనియ్యలేదు. బండి కట్టి దేవరకొండ దవాఖానకు తీసుకుపోతుంటే తోవలోనే నర్సమ్మ పోయింది. పిల్ల బతికింది.

"నేనుంటె బతుకునో లేదో ఎవలు జెప్పగలరు సారు. నా చేతుల్లకెల్లి గూడ పోయినోళ్లున్నరు," అన్నది కొమురమ్మ. నన్ను ఏమీ అనలేదు. అనాలని కూడా ఆమెకు తోచినట్టు లేదు. బస్సు వేళ అడిగి తెలుసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే కాగితాల్లో ఏడెనిమిదేళ్ల పాటు అప్పుడప్పుడూ ఆమె పేరు కనబడేది. అన్నీ దవాఖాన గదికి కప్పు వేయించమనీ, నీళ్ల తొట్టి కట్టించమనీ ఆమె పెట్టిన అర్జీల గురించే.

నా సర్వీసు పుస్తకంలో ఒక వరుస ఎక్కింది. ఖాయం కావడం ఒక ఏడాది ఆలస్యమైంది. అది సబబే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు అదే పని చేశాను. ఇంగ్లీషులో ఇలాంటి ప్రాణుల పేర్లు చాలా ఉన్నాయి. అధికారులు కోపం వచ్చినప్పుడూ, చమత్కారం కోసమూ వాటిని వాడుతుంటారు. చదివేవాడికి అవి అలంకారాలు. తెలుగు ప్రతిలోకి దిగేసరికి అవి నేరాలు కావచ్చు. నా కింద పని నేర్చుకున్నవాళ్లకు నేను చెప్పింది ఇదే. అలాంటి మాట వస్తే ఆ ప్రాణి కథ తెలిసినంత మాత్రాన అర్థం తెలిసినట్టు కాదు. రాసినవాడు ఎక్కడ నిలబడి, దేన్ని చూసి రాశాడో తెలియాలి. తెలియకపోతే ఆ మాటను తెలుగు అక్షరాల్లో ఉన్నదున్నట్టు దించి, అంచున 'రాసినవారిని అడగాలి' అని గుర్తు పెట్టి, ఫైలును ఆపాలి. అడగడానికి ఒక వారం పడుతుంది. 1958 జూన్‌లో నేను ఆ వారం తీసుకోలేదు.